చదువు నోము

జనవరి వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు తప్పకుండా జరుగుతాయి. బ్యాంకు వాళ్ళు మావారికిచ్చిన డైరీ నా చేతికి వస్తుంది. ఆ డైరీ మొదటి పేజీలో నేనో పట్టిక రాస్తాను. "ఈ ఏడు చదవవలసిన పుస్తకాలు" అని పైన రాసి, కింద రెండు గీతలు కూడా గీస్తాను. నెలకి రెండు చొప్పున మొత్తం ఇరవై నాలుగు.

తర్వాత జరిగేదేమిటో మీకు వేరే చెప్పాలా? మొదటి పుస్తకం సగంలో ఉండగానే సంక్రాంతి వస్తుంది. అరిసెలు, చుట్టాలు అయ్యేసరికి నెల వెళ్ళిపోతుంది. ఒకప్పుడు ఫిబ్రవరి, మార్చి మా పిల్లల పరీక్షలకి సరిపోయేవి, ఇప్పుడు వాళ్ళ పిల్లల జలుబులకీ జ్వరాలకీ సరిపోతున్నాయి. ఉగాది నాటికి మళ్ళీ కొత్త సంవత్సరం కదా అని పట్టికకి కొత్త ప్రాణం పోస్తాను. ఈలోగా ఆవకాయ రోజులు దిగుతాయి. దసరా నాటికి ఆ పేజీ వెనకాల పాల లెక్క ఎక్కుతుంది, పక్కన ఇస్త్రీ అబ్బాయి లెక్క. ఇరవై నాలుగింటిలో టిక్కు పడ్డవి మహా అయితే అయిదు.

"మీ అమ్మ సంకల్పాలకి ఎక్స్‌పైరీ డేటు ఉగాదే" అని మావారు పిల్లల దగ్గర నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను గానీ, లోపల ఎక్కడో చిన్న ముల్లు.

పోనీ, ఈ కాలం పిల్లలైనా నెగ్గుకొస్తున్నారా అంటే అదీ లేదు. మా అమ్మాయి తన సెల్‌ఫోనులో ఏడాదికి యాభై పుస్తకాలని పెట్టుకుంది. చదివిన పుస్తకం పేరు నొక్కితే లెక్క అదే చూపిస్తుందట, స్నేహితుల లెక్కలూ కనిపిస్తాయట. "బాగుందే" అన్నాను. తీరా డిసెంబరు వచ్చేసరికి లెక్క చాలడం లేదని సన్న సన్న పుస్తకాలు ఏరుకుని గబగబా చదివేసింది. వాటిలో ఏముందని అడిగితే, "అన్నీ గుర్తుండవమ్మా" అంది.

ఈ సంభాషణంతా మంచం మీద కూర్చున్న మా అత్తయ్యగారు విన్నారు. ఆవిడ మంచం కింద ఓ ట్రంకు పెట్టె ఉంది. అందులో చీరలుండవు, వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి, దారంతో కుట్టి, అట్టలు వేయించిన బైండు పుస్తకాలుంటాయి. ఆవిడ చదువు మూడో తరగతి దాకానే. తర్వాతి చదువంతా ఆ పెట్టెలోనే. రెండేళ్ళుగా చూపు బాగా మందగించి ఆ పెట్టె తెరవడమే మానేశారు.

"నోము పట్టేటప్పుడు ఉద్యాపన సంగతి కూడా చూసుకోవాలే అమ్మాయ్," అన్నారు. "ఒక్కసారే ఇరవై నాలుగు నోములు పడితే ఏ గౌరమ్మ మాత్రం ఏం చేస్తుంది?"

నాకు ఆ మాట పట్టుకుంది. నిజమే కదా! ఏడాదికి ఇంత చదవాలని నియమం పెట్టుకోవడం అంటే చదువుకి నోము పట్టడమే. మరి ఈ నోము మనకంటే ముందు ఎవరెవరు పట్టారు? ఎలా తీర్చుకున్నారు? తీర్చుకోలేని వాళ్ళు ఏమయ్యారు? ఆ సంగతులు వెదుక్కుంటూ పోతే నా డైరీ పట్టిక కంటే చాలా రుచికరమైన కథలు దొరికాయి. మీకూ చెప్పాలనిపించింది.

గడువు పెట్టుకుని చదవడం మనకి కొత్తేమీ కాదు. భాగవత సప్తాహం అంటే ఏడు రోజుల గడువు. రామాయణ నవాహం అంటే తొమ్మిది రోజులు. ఏ రోజు ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపాలో కూడా పెద్దవాళ్ళు నిర్ణయించి పెట్టారు. కాకపోతే చదివేది పౌరాణికులు, వినేది మనం. మొల్ల, తరిగొండ వెంగమాంబ వంటి వారు లేకపోలేదు. కాని వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన ఆడవాళ్ళు వత్తులు చేసుకుంటూ, చంటిపిల్లల్ని ఒళ్ళో జోకొడుతూ విన్నవాళ్ళే. వినడం తక్కువని కాదు. కాని పుస్తకం మన చేతిలో ఉండి, మనకి నచ్చిన చోట ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ చదువుకునే స్వేచ్ఛ వేరు. ఆ స్వేచ్ఛ కోసం ఒకావిడ పట్టిన నోము చూడండి.

ఆవిడ పేరు రాససుందరీ దేవి. తూర్పు బెంగాలులో, ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతంలో, 1810 ప్రాంతంలో పుట్టింది. పన్నెండో ఏట పెళ్ళి. కలిగిన ఇల్లే. నౌకర్లూ చాకర్లూ ఉన్నా వంటా వార్పూ ఆవిడదే. మొత్తం పన్నెండుమంది పిల్లల్ని కన్నది. ఆడది చదివితే ఇంటికి అరిష్టమని, ముండమోస్తుందని నమ్మిన రోజులవి. కాగితం ముక్క వంక చూస్తే ఎవరేమనుకుంటారో అని తల తిప్పుకునేదాన్నని ఆవిడే రాసుకుంది.

ఆవిడకి పాతికేళ్ళప్పుడు ఒక కల వచ్చింది. ఆ కలలో తను చైతన్య భాగవతం చదువుతోంది. మెలకువ వచ్చాక కూడా ఆ ఆనందం పోలేదు. చిత్రంగా, ఆ రోజే భర్త ఆ పుస్తకాన్ని తీసి బయట పెట్టి, మళ్ళీ లోపల పెట్టమని కొడుక్కి చెప్పాడు. ఆ సందులో ఆవిడ అందులోంచి ఒక ఆకు తీసి దాచుకుంది. ఆ రోజుల్లో అవి విడి ఆకులుగా ఉండేవి. ఒక్క ఆకు, అంతే! తర్వాత కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి సంపాదించింది. వంటింట్లో ఎడమచేతిలో ఆకు, నెత్తిన ముసుగు, పొయ్యి మీద కూర. ఈ ఆకులోని అక్షరాన్ని ఆ తాటాకులోని అక్షరంతో పోల్చి చూసుకునేది. చిన్నప్పుడు పుట్టింటి బడిలో మగపిల్లలు వల్లెవేస్తుంటే ఓ మూల కూర్చుని విన్న పాఠాలు చెవిలో మిగిలి ఉన్నాయి. కంటికి కనిపించే అక్షరాన్నీ చెవిలో మిగిలిన ధ్వనినీ కలుపుకుంటూ, ఎన్నాళ్ళకో ఆ పుస్తకం చదవగలిగింది.

అక్కడితో ఆగలేదు. మరెన్నో ఏళ్ళకి, పట్నంలో చదువుకుంటున్న కొడుకు "నా ఉత్తరాలకి జవాబు రాయవేమిటమ్మా" అని కాగితం, కలం, సిరా ఇస్తే రాయడం నేర్చుకుంది. "ఆమార్ జీబన్" అని తన జీవితకథ రాసింది. 1876లో అచ్చయింది. బెంగాలీ భాషలో వచ్చిన తొలి ఆత్మకథ అదేనంటారు. పన్నెండుమంది పిల్లల తల్లి, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా సాధించింది.

ఇక్కడ నేను నా డైరీ వంక చూసుకున్నాను. ఆవిడ ఇరవై నాలుగు పుస్తకాలు కోరుకోలేదు. ఒక్క పుస్తకం చాలనుకుంది. ఆ పుస్తకం ఏదో, ఎందుకు కావాలో ఆవిడకి తెలుసు. నా పట్టికలోని పుస్తకాలు సగం పక్కింటావిడ చదివిందనో, ఎక్కడో మెచ్చుకున్నారనో రాసుకున్నవి. వాటిలో నాకు కలలోకి వచ్చేది ఒక్కటైనా ఉందా?

ఇలా ఒంటరిగా దొంగచాటున చదివిన కథ ఇక్కడ అచ్చయ్యే రోజుల్లోనే, సముద్రాల అవతల అమెరికాలో గృహిణులు గుంపులుగా చదువు నోము పట్టారు. అక్కడ అక్షరాలు రాక కాదు. పెళ్ళయి, సంసారంలో పడ్డాక చదువు అటకెక్కిందనే బాధతోనే. మన బాధే!

బోస్టన్ నగరంలో అన్నా టిక్నర్ అనే ఆవిడ 1873లో ఒక సంఘం పెట్టింది. ఇంట్లోనే కూర్చుని ఉత్తరాల ద్వారా చదువుకునే స్త్రీల సంఘం అది. చదివేవాళ్ళూ ఆడవాళ్ళే, ఉత్తరాలు రాసి చదివించేవాళ్ళూ ఆడవాళ్ళే. పుస్తకాలు కూడా పోస్టులో పంపేవారు. నెలనెలా "ఏం చదివావు, ఏం అర్థమైంది" అని ఉత్తరం వచ్చేది, జవాబు రాయాలి. ఆవిడ పోయాక, 1897లో ఆ సంఘం ఆగింది. అప్పటికి ఏడువేలమందికి పైగా స్త్రీలు అలా చదువుకున్నారు.

ఆ తర్వాత 1878లో, న్యూయార్క్ రాష్ట్రంలో షటాక్వా అనే సరస్సు ఒడ్డున మరో చదువు మండలి మొదలైంది. జాన్ విన్సెంట్ అనే మతగురువు పెట్టాడు. ఇది నాలుగేళ్ళ నోము. రోజుకి నలభై నిమిషాలు చదివితే చాలని ఆయన లెక్క. చరిత్ర, సాహిత్యం, విజ్ఞానం అన్నీ ఉండేవి. మొదటి ఏడాదే ఎనిమిదివేల నాలుగువందలమంది దాకా చేరారు. ఊరూరా చిన్న చిన్న చదువు కూటాలు లేచాయి. ఆ కూటాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే.

ఇక ఉద్యాపన! 1882లో మొదటి జట్టు నాలుగేళ్ళ చదువూ ముగించింది. తోరణాలు కట్టి, బంగారు ద్వారం అని ఒకటి నిలబెట్టి, చదువు పూర్తి చేసినవాళ్ళని అందులోంచి నడిపించారు. చిన్న చిన్న ఆడపిల్లలు వాళ్ళ ముందు పూలు చల్లారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఎక్కడి అమెరికా, ఎక్కడి పేరంటం! ఇంటి పనంతా ముగించుకుని రోజుకి నలభై నిమిషాలు దక్కించుకున్న ఆ అమ్మలకి పూలు చల్లాలని ఎవరికో తోచింది చూశారా?

అయితే ఆ ద్వారంలోంచి నడిచే అర్హత సంపాదించిన వాళ్ళెందరో తెలుసా? 1,718 మంది. అంటే చేరిన ప్రతి అయిదుగురిలో ఒక్కరు. ఈ అంకె చూశాక నా గుండె తేలికపడింది. అచ్చు పుస్తకాలూ, ఉత్తరాలూ, స్నేహితురాళ్ళూ, పూలూ ఉండి కూడా అయిదుగురిలో నలుగురు మధ్యలో వదిలేశారు. నేను ఎవరితోనూ చెప్పకుండా డైరీలో రాసుకుని, ఉగాదికి వదిలేశానంటే ఆశ్చర్యమేముంది? మావారికి ఈ లెక్క చూపించాను. "అయితే నువ్వు అంతర్జాతీయ ప్రమాణాలతోనే వెనకబడ్డావన్న మాట" అన్నారు. ఆయనతో మాట్లాడి గెలవలేం.

ఆ నలభై నిమిషాలున్నాయే, అసలు చిక్కంతా అక్కడే. చదవాలని ఉండదా అంటే ఉంటుంది. ఎప్పుడు? రోజులో చదువుకి చోటేదీ? ఈ ప్రశ్నకి మన తెలుగుదేశంలో ఒకరు ముచ్చటైన జవాబు కనిపెట్టారు. 1935లో, గుంటూరు జిల్లాలో కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవ ప్రయాణాలుండేవి. పడవ ఎంత నెమ్మదిగా సాగుతుందో తెలిసిందే కదా. గట్టు మీద చెట్లు లెక్కపెట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదు. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణంగారు ఆ పడవల్లో పుస్తకాలు పెట్టించారు. పడవ గ్రంథాలయం! ఎక్కినవాళ్ళు చదువుకోవచ్చు, దిగేటప్పుడు ఇచ్చెయ్యాలి. ఆయన కొత్తగా తీరిక సృష్టించలేదు. ఉన్న తీరిక ఎక్కడుందో చూసి, అక్కడికి పుస్తకం తీసుకుపోయారు. మన రోజులోనూ అలాంటి కాలువ ఎక్కడో ఒకచోట ఉండకపోదు. కుక్కరు కూతలకి మధ్యా, డాక్టరుగారి దగ్గర పేరు పిలిచేదాకా, మనవడి డాన్సు క్లాసు బయటా. కాకపోతే ఇప్పుడు ఆ కాలువలన్నిటిలోనూ సెల్‌ఫోను పడవ ముందే వచ్చి కూర్చుంటోంది.

చివరగా మన తెలుగింటి ఆడపడుచు కథ ఒకటి చెప్పాలి. భండారు అచ్చమాంబ. 1874లో నందిగామ ప్రాంతంలో పుట్టింది. చిన్నప్పుడు ఆవిడ బడికి వెళ్ళలేదు. పదేళ్ళ వయసులో మేనమామతో పెళ్ళి. ఆయన ఇంజనీరు, ఉద్యోగం ఉత్తరాన మధ్య పరగణాల్లో. అక్కడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్క ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. ఆ తమ్ముడి పక్కన కూర్చుని అక్క తెలుగూ హిందీ నేర్చుకుంది. తర్వాత మరాఠీ, గుజరాతీ, బెంగాలీ. ఒక్కొక్క భాషా ఒక్కొక్క నోమే అనుకోండి. పుట్టిన పిల్లలు దక్కలేదు. ఆ దుఃఖంలోనూ చదువు వదల్లేదు.

ఆవిడ చదివిందంతా ఎటు పోయిందో చూడండి. ఆడవాళ్ళు అబలలు, తెలివిలేనివాళ్ళు అనే వాదానికి జవాబుగా, మన దేశపు స్త్రీల చరిత్రలు ఏర్చి కూర్చి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. మొదటి భాగం 1901లో వచ్చింది. చరిత్రలోని స్త్రీలు ఒక భాగం, వేదపురాణాల్లోని స్త్రీలు ఒక భాగం, విదేశీ స్త్రీలు ఒక భాగం అని మూడు భాగాలు తలపెట్టింది. 1902లో "హిందూసుందరి" అనే స్త్రీల పత్రిక మొదలైతే అందులో రాసింది. అదే ఏడు బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళ సమాజాలు పెట్టించింది.

1905లో, ముప్పై ఏళ్ళకే ఆవిడ కన్నుమూసింది. తలపెట్టిన మూడు భాగాలూ పూర్తి కాలేదు.

డైరీ లెక్కన చూస్తే ఇదీ పూర్తికాని నోమే. టిక్కు పడదు. కాని నూట ఇరవై ఏళ్ళు దాటాక కూడా ఆవిడ పుస్తకం గురించి మనం మాట్లాడుకుంటున్నాం. నోము పూర్తయినా కాకపోయినా వాయనం మాత్రం చేతులు మారిందన్న మాట. చదివింది తన దగ్గరే ఉంచుకోలేదు కదా, కొంగులో వేసి ఇచ్చింది.

ఇదంతా ఓ మధ్యాహ్నం అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ అంతా విన్నారు. రాససుందరి ఒక్క ఆకు దాచుకున్న చోట "అయ్యో తల్లీ!" అన్నారు. కాసేపాగి, "నాకూ ఒకటి మిగిలిపోయిందే" అన్నారు.

ఏమిటని అడిగితే ట్రంకు పెట్టె తీయమన్నారు. అడుగున నీలం అట్ట పుస్తకం. 1970ల నాటి సీరియలు. వారం వారం చింపి కుట్టుకున్నది. మావారు పుట్టడానికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, చివరి రెండు వారాల పత్రికలూ పక్కవాళ్ళు తీసుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదట. ఆ కథ ఏమైందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. "ఆ పిల్ల వాడిని చేసుకుందో, చదువుకుంటానని పట్నం వెళ్ళిపోయిందో! అడగడానికి సిగ్గేసి ఎవర్నీ అడగలేదు. కథ కోసం ఏడుస్తోందేమిటి అనుకుంటారని."

ఇన్నేళ్ళు! ఒకే ఇంట్లో ఉన్నాం. నేను ఏటేటా ఇరవై నాలుగు పుస్తకాల పట్టిక గీసుకుంటున్నాను. ఆవిడ మంచం కింద రెండు వారాల కథ కోసం ఎదురుచూపు అలాగే ఉంది. ఆవిడ చూపు బాగున్నప్పుడు నేను ఒక్కసారైనా "ఏం చదువుతున్నారత్తయ్యా" అని అడిగిన పాపాన పోలేదు.

ఈ ఏడు డైరీ వచ్చింది. మొదటి పేజీలో ఒకే ఒక్క వరుస రాశాను. ఆ సీరియలు పేరు. చోటు: అత్తయ్యగారి మంచం. వేళ: మధ్యాహ్నం మూడు గంటలు, ఆవిడ కునుకు తీసి లేచాక, కాఫీకి ముందు. పాత పత్రికలు భద్రపరిచే గ్రంథాలయాలు ఉన్నాయి కదా, ఆ రెండు వారాల కోసం వెదికిస్తున్నాను. మా అమ్మాయి సెల్‌ఫోనులోనూ వెదుకుతోంది, పోన్లెండి, అది ఇలా కూడా పనికొస్తోంది.

ఈలోగా మొదటి వారం నుంచి పైకి చదువుతున్నాను. కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. కథ మధ్యలో పౌడరు డబ్బాల ప్రకటనలొస్తే అవీ చదవమంటారు. కథ ముందే తెలిసినా, ఏమీ తెలియనట్టు "ఊఁ, తర్వాత?" అంటారు. నిన్నటికి పద్నాలుగో వారం అయింది. ఆ పిల్లకి పట్నంలో సీటొచ్చిందని ఉత్తరం వచ్చింది. మధ్యలో పాలవాడు పిలిస్తే లేవబోయాను.

"ఉండవే, వాడు నిలబడతాడులే" అన్నారు అత్తయ్యగారు.